తలుపు మూయకండి

ఆ బస్సు ఎవరూ తోలకుండానే వెళ్లి ఛార్జరును గుద్దింది.

గుద్దడం అంటే అలా ఇలా కాదు. ముక్కు ఛార్జరు పెట్టెలోకి మోకాలి లోతు దిగబడింది. ముందు అద్దం సాలెగూడులా పగిలింది. ఛార్జర్ల వరుస మొత్తం ఆరిపోయింది. నిన్న సాయంత్రం దాకా సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కొత్త ఎలక్ట్రిక్ బస్సు అది.

టీచరమ్మ డిపో గేటు దాటేసరికి పోలీసు జీపు అప్పటికే వచ్చి ఉంది. ఆమె అసలు హోదా డ్రైవింగ్ శిక్షకురాలు. డీజిల్ బస్సులు తోలి తోలి జుట్టు నెరిసిన డ్రైవర్లకు ఎలక్ట్రిక్ బస్సు నేర్పడం ఆమె పని. వాళ్లలో సగం మంది ఆమెను చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్లే. తాము ఎత్తుకున్న పిల్ల ఇప్పుడు తమకు పాఠం చెబుతోందన్న ఉక్రోషం కొంత, ముద్దు కొంత కలిసి ఆ పేరు పుట్టింది.

"వచ్చావా! నా కొంప మునిగిందమ్మా" అంటూ డిపో మేనేజరు ఎదురొచ్చాడు. మనిషి ఒకచోట నిలబడటం లేదు. టై కట్టుకుంటున్నాడు, ఫోను చూస్తున్నాడు, మళ్లీ టై విప్పుతున్నాడు. "ఇవాళే ఇలా జరగాలా? ఇంకాసేపట్లో మంత్రిగారు కొండమీద ఆసుపత్రి దగ్గర రిబ్బను కత్తిరించాలి. ఈ ఒక్క రూటు బాగా నడిస్తేనే ఊరంతా డీజిల్ తీసేయడానికి మంత్రివర్గం ఒప్పుకునేది. లేదంటే అటక మీదికే."

"ప్రారంభించే బస్సు?"

"అది వేరే బస్సులే. బతికిపోయాం. మీ నాన్నగారు తీసుకుని బయల్దేరారు. ఈ విరిగినదాన్ని టార్పాలిన్ కప్పి దాచేస్తాం. దొంగ కూడా దొరికాడు."

దొంగ అని మేనేజరు చూపించినవాడు టైరు మీద కూర్చుని బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. డ్రైవర్ల సంఘం నాయకుడు. డీజిల్ ఎత్తేయడం మీద గేటు దగ్గర రోజూ మీటింగు పెట్టేవాడు కాబట్టి అతనికి పొగబాబాయి అని పేరు పడింది. నిన్నటి మీటింగులో అతను అన్న మాట ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ఫోనులో ఆడుతోంది: "ఈ తోలుబొమ్మలు కొండ ఎక్కనూ లేవు, దిగనూ లేవు! కావాలంటే ఒక్క తోపు తోసి చూపిస్తా!"

"తోసి చూపిస్తానన్నాడు, తోశాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంతకన్నా తేలికైన కేసు నా సర్వీసులో చూడలేదు."

"నేను తోస్తే కదిలేంత తేలిక బండా అది? నా నడుం చూశారా సార్? పొద్దున్నే మంచం మీంచి నన్ను నేనే తోసుకోలేను" అన్నాడు పొగబాబాయి.

ఎవరో నవ్వబోయి, ఇన్‌స్పెక్టరు మొహం చూసి దగ్గుగా మార్చుకున్నారు.

ఇన్‌స్పెక్టరుకు కొండమీద బందోబస్తు ఉంది. ఒక కానిస్టేబులును పొగబాబాయికి కాపలా పెట్టి, కార్యక్రమం అయ్యాక స్టేషనుకు తీసుకెళ్దామని చెప్పి జీపెక్కాడు. ఆ వెనకే మేనేజరు కారు కూడా వెళ్లిపోయింది.

టీచరమ్మ విరిగిన బస్సెక్కింది. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు. కాలు కాలిన పిల్లిలా బస్సంతా ఒకసారి తిరిగి డ్రైవరు సీటు దగ్గరికి వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద డి బటను వెలుగుతోంది. అంటే బండి ముందుకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నట్టు. హ్యాండ్‌బ్రేకు వేసి లేదు. డ్రైవరు సీటు వదిలి లేస్తే అరవాల్సిన బజరు నోట్లో ఎవరో దూది కుక్కారు. ఈ దూది ఆమెకు కొత్త కాదు. ఆ బజరు బెల్టు పెట్టకపోయినా అరుస్తుంది, పెట్టినా అరుస్తుంది. అత్తగారిలా అన్నిటికీ సణిగేదాని మాట ఎవరు వింటారని డ్రైవర్లందరూ దాని నోరు నొక్కేశారు.

అప్పుడే బ్రేకు పెడలు కింద ఏదో మెరిసింది. వంగి తీసింది.

స్టీలు గ్లాసు. అడుగున సొట్ట. నేలంతా నీళ్లు.

ఆ సొట్ట ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆ గ్లాసును మెట్ల మీద జారవిడిచి సొట్ట పెట్టింది ఆమే.

డిపోలో నాన్న పేరు నీళ్లగ్లాసు. డ్యాష్‌బోర్డు మీద నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టుకుని తోలేవాడు. రోజంతా గుంతల రోడ్ల మీద తిరిగి వచ్చినా చుక్క తొణకదని పేరు. నిజానికి తొణికేది. డీజిల్ బస్సు ఒళ్లంతా వణుకే కదా. ఎలక్ట్రిక్ బస్సు మొదటిసారి తోలిన రోజు గ్లాసును ఇంటికి తెచ్చి చూపించాడు. "చూడమ్మా, ఇన్నాళ్లకు నాకు తగ్గ బండి దొరికింది. ఇంజను మీద కూర్చున్నట్టు లేదు. పడవలో కూర్చున్నట్టుంది." డిపో అంతటిలో కొత్త బస్సును ప్రేమించినవాడు ఆయనొక్కడే. అందుకే ప్రారంభం బండి ఆయనకిచ్చారు.

ఇవాళ తెల్లవారగానే ఇంట్లోంచి బయల్దేరాడు. "చేయి ఒకసారి సాపు చేసుకుంటాను" అన్నాడు. సాపు చేసుకోవడం అంటే ఇదన్నమాట. తను తీసుకెళ్లాల్సిన బండికి ఇంకా రంగు కాగితాలు అంటిస్తుంటే, పక్కనున్న ఈ బండి తీసి ఓ చుట్టు తిప్పాడు. కడగడానికని, ఛార్జర్ల వైపు వాలుగా ఉన్న వాషింగ్ ర్యాంపు మీద పెట్టి దిగాడు. రంగు కాగితాలు అంటించడం అవగానే ఆ బండెక్కి వెళ్లిపోయాడు. వెనక ఏం జరిగిందో ఆయనకు తెలియనే తెలియదు.

టీచరమ్మ గ్లాసును సంచిలో వేసుకుంది. నాన్నకు పాస్ మార్కు వేసింది తనే. తండ్రికి కూతురు వేసిన మార్కు. బయట టైరు మీద పొగబాబాయి కూర్చున్నాడు, చేయని తప్పుకి. సంచి జిప్పు లాగింది. మళ్లీ తీసింది. మళ్లీ లాగింది.

'ఉండు. ముందు ఎలా జరిగిందో తెలుసుకో' అనుకుంది. నాన్న ర్యాంపు మీద ఆపినప్పుడు బండి ఆగింది. ఆగకపోతే ఆయన దిగేవాడా? మరి ఆగిన బండి తర్వాతెందుకు కదిలింది?

బస్సులు కడిగే పిన్ని నల్లా దగ్గర కూర్చుని వలవలా ఏడుస్తోంది. ఆమె పక్కన అప్పడంలా అణిగిపోయిన బకెట్ ఉంది.

"నేనేం చేయలేదమ్మా, ఒట్టు. బండి ర్యాంపు మీద రాయిలా ఉంది. తలుపు బార్లా తీసి వదిలేసి పోయారు. లోపలికి నీళ్లు పడతాయని బయటి బటను నొక్కి తలుపు మూశాను. పైపు తెద్దామని ఇటు తిరిగాను. నా బకెట్ చప్పుడైంది. చూస్తే బండి లేదు! పిల్లిలా వెళ్లిపోయింది. చప్పుడు లేదు, చడి లేదు. ఒక్క అడుగు అటున్నా నేను ఆ బకెట్ అయ్యేదాన్ని."

"తలుపు మూశాకే కదిలిందా?"

"మూశాకే."

టీచరమ్మ అక్కడే బకెట్ పక్కన కూలబడింది.

తలుపు తెరిచి ఉంటే బండి కదలదు. ప్రయాణికులు ఎక్కి దిగేటప్పుడు ప్రమాదం జరగకుండా, తలుపు తెరవగానే బ్రేకు దానంతటదే పడుతుంది. ఈ మాట తనే ఎన్నిసార్లు చెప్పిందో, ఎంత గొప్పగా చెప్పిందో! దాని రెండో సగం ఎప్పుడైనా చెప్పిందా? తలుపు మూయగానే ఆ బ్రేకు వదిలేస్తుందని?

పాత డ్రైవరు ఏం చేస్తాడు? వాలులో ఆపితే ఇంజను ఆపి, గేరులో వదిలి దిగుతాడు. డీజిల్ బండి గేరులో ఉంటే ఇంజనే దాన్ని పట్టుకుంటుంది. పాత బండ్ల హ్యాండ్‌బ్రేకును నమ్మినవాడు లేడు. దాన్ని ముట్టుకున్న చేయి కూడా లేదు. ఒకటి కాదు రెండు కాదు, ముప్పై ఏళ్ల అలవాటు. ఈ బండిలో గేరు అంటూ లేదు, ఉన్నది డి బటను ఒక్కటే. దాన్ని అలాగే వదిలి, తలుపు తీసి దిగుతాడు. బండి ఆగే ఉంటుంది. తను గేరులో పెట్టాడు కాబట్టి ఆగిందనుకుంటాడు. కాదు. తలుపు ఆపింది.

ఇది నాన్న ఒక్కడి తప్పు కాదు. డిపోలో ఎవరిని వాలు మీద దింపినా ఆ చేయి ఇదే చేస్తుంది. కానీ ఈ క్షణాన వాలు మీదికి వెళ్తున్న చేయి మాత్రం నాన్నదే. కొండమీద ఆసుపత్రి గేటు ముందు రోడ్డు జారుడుబల్లలా కిందికి దిగుతుంది. బండి అక్కడ ముక్కు కిందికి పెట్టి ఆగుతుంది. కింద మలుపులో వేదిక ఉంది, కుర్చీలున్నాయి, జనం ఉన్నారు. నాన్న తలుపు తీసి దిగుతాడు. ఆ తర్వాత ఎవరో ఒకరు తలుపు మూస్తారు.

నాన్నకు ఫోను చేయడానికి లేదు. డ్రైవర్ల ఫోన్లు డిపో బీరువాలోనే ఉంటాయి. మేనేజరుకు చేసింది.

"సార్, తలుపు మూయొద్దని చెప్పండి. మా నాన్నకి..."

"ఇప్పుడు కాదమ్మా, మంత్రిగారి కారు కనిపిస్తోంది" అని మేనేజరు పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఫోను ఆఫ్.

ఆమె పరుగెత్తి కానిస్టేబులు దగ్గరికి వెళ్లి విషయం చెప్పింది. అతను చెడ్డవాడేమీ కాదు. వెంటనే వైర్‌లెస్ తీశాడు.

"సార్, కొత్త బస్సు తలుపు మూయొద్దంట సార్. మూస్తే దొర్లుతుందంట."

"ఎవడ్రా చెప్పింది?" వైర్‌లెస్ గరగరలాడింది.

"పొగబాబాయి దగ్గర ఉన్న మేడమ్..."

"పొగబాబాయా? వాణ్ణి అక్కణ్ణించి కదలనీయకు!" గరగర ఆగిపోయింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అమ్మాయ్, బండి తీసుకుని పో" అన్నాడు పొగబాబాయి.

"ఏ బండి బాబాయ్? ఎలక్ట్రిక్ బళ్లన్నీ ఛార్జర్లకు తగిలించి ఉన్నాయి. కరెంటు పోయి ప్లగ్గులు బిగుసుకున్నాయి. ఊడి రావు. మేనేజరు కారు లేదు."

పొగబాబాయి గోడవైపు చూశాడు. అక్కడ ఒక డీజిల్ బస్సుంది. సాయంత్రం తుక్కుకు పోవాల్సింది. పక్కల మీద రంగు పొరలు పొరలుగా లేచిపోయింది.

"దాని క్లచ్ నాకు లొంగదు" అంది ఆమె.

"నాకు లొంగుతుంది. మా ఆవిడ కంటే ముందు నుంచీ తెలుసు దాన్ని."

"ఆగండాగండి!" కానిస్టేబులు అడ్డం నిలబడ్డాడు. "ఈయన్ని కదలనీయొద్దన్నారు. ఈయన బయటికి పోతే నా ఉద్యోగం పోతుంది."

"నన్ను వదలొద్దు బాబూ" అన్నాడు పొగబాబాయి, బస్సు ఎక్కుతూ. "గట్టిగా పట్టుకో. నాతోపాటే రా."

కానిస్టేబులు ఒక్క క్షణం ఆలోచించి, టోపీ పెట్టుకుని ఎక్కేశాడు.

డీజిల్ బస్సు దగ్గింది, తుమ్మింది, ఒక్కసారి ఒళ్లు విరుచుకుని గర్జించింది. వెనక నల్లటి పొగ డిపో గేటును కప్పేసింది. టీచరమ్మ ముందు కడ్డీ పట్టుకుని నిలబడింది. కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఒక కాలి మీద, మరో కాలి మీద మారుతోంది.

"తొందరగా బాబాయ్!"

"ఇంతకన్నా తొందరంటే దిగి తోయాలి. తోయడంలో నాకు పేరుందిగా" అన్నాడు. కానీ కాలు నొక్కుతూనే ఉన్నాడు. "ఆ బండి తీసింది ఎవరో నీకు తెలుసు, అవునా? ఇందాక బస్సు దిగినప్పుడు నీ మొహం చూశాను."

ఆమె మొహం రోడ్డు వైపు తిప్పుకుంది.

"నీళ్లగ్లాసేనా?"

ఆమె సంచిని గట్టిగా పట్టుకుంది. అదే జవాబైంది.

పొగబాబాయి పెద్ద నిట్టూర్పు విడిచి గేరు మార్చాడు. "వాడికెప్పుడూ కొత్త బళ్ల పిచ్చే. తిట్టుకోకు. వాడు కాకపోతే నేను, నేను కాకపోతే ఇంకొకడు. మేం అడిగింది ఏమిటి? డీజిల్ ఉంచమన్నామా? పొగ మింగీ మింగీ నా ఊపిరితిత్తులే సైలెన్సర్లయ్యాయి, నాకెందుకది? నేర్పడానికి టైమివ్వండి అన్నాం. ఆ మాట ఎవరికీ వినపడలేదు. మీటింగులో నేను చేసిన వేళాకోళం మాత్రం పోలీసు ఫోను దాకా వినపడింది."

శిక్షణలో వాలు పాఠం ఉండేది. మంత్రివర్గ సమావేశానికి ముందే ప్రారంభించాలని పైనుంచి తేదీ ముందుకు జరిపారు. ఏదో ఒకటి తగ్గించమన్నారు. ఎలాగూ ముప్పై ఏళ్లుగా కొండలెక్కుతున్నవాళ్లే కదా అని ఆమె వాలు పాఠం తీసేసింది. పరీక్ష చదునైన నేల మీద పెట్టింది.

కొండదారి మొదట్లో బారికేడ్లు అడ్డం ఉన్నాయి. కాలుష్యం లేని ప్రయాణం అని రాసిన పెద్ద తోరణం కింద ఇద్దరు పోలీసులు పొగ కక్కుతూ వస్తున్న బస్సును చూసి చేతులెత్తారు.

"బాబూ, నీ వంతు" అన్నాడు పొగబాబాయి.

కానిస్టేబులు ఫుట్‌బోర్డు మీద వేలాడి, టోపీ ఊపుతూ, "తీయండి! పైవాళ్ల ఆర్డరు! తీయండి!" అని అరిచాడు. పైవాళ్లెవరో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బారికేడ్లు పక్కకు జరిగాయి.

"ఏ పైవాళ్లు?" అంది టీచరమ్మ.

"ఏమో మేడమ్. మనకంటే పైన చాలామంది ఉంటారు కదా."

వేదిక మలుపు దాటగానే ఆమెకు బస్సు కనిపించింది. ఆసుపత్రి గేటు ముందు, పైన, ముక్కు కిందికి పెట్టి, నీలం రంగులో తళతళలాడుతూ నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. హమ్మయ్య. తలుపు పక్కన కొత్త యూనిఫాంలో నాన్న. లోపల మంత్రిగారు, ఆవిడ వెనక పిలిచిన పెద్దమనుషులు. కెమెరాలు వరుస కట్టాయి.

మంత్రిగారి పీయే చేతులు తిప్పుతూ నాన్నకు ఏదో చెబుతున్నాడు. ఆ మాటలు ఆమెకు వినిపించలేదు గానీ చేతులు చూస్తేనే అర్థమైంది. మంత్రిగారు లోపల నిలబడతారు. తలుపు మూయాలి. కెమెరాలు తిరగ్గానే తెరవాలి. తెరుచుకున్న తలుపులోంచి మంత్రిగారు చేయి ఊపాలి. అదీ బొమ్మ.

ఆమె కదులుతున్న బస్సులోంచే దూకింది. మోకాలు కొట్టుకుపోయింది. లేచి పైకి పరుగెత్తింది.

"నాన్నా! తలుపు మూయకు!"

చప్పట్లు. వెనక డీజిల్ ఇంజను హోరు.

"నాన్నా! మూయకు!"

నాన్న తల తిప్పాడు. కూతుర్ని చూసి నవ్వాడు కూడా. ఆయన వేలు అప్పటికే బయటి బటను నొక్కింది.

తలుపు మెత్తగా మూసుకుంది. బస్సు కదిలింది.

బజరు అరుపు లేదు, ఇంజను చప్పుడు లేదు. అందుకే మొదట ఎవరికీ తెలియలేదు. మంత్రిగారు లోపల నవ్వుతూనే ఉన్నారు. తెలిసింది ఒక్క నాన్నకే. ఆయన నవ్వు అలాగే గడ్డకట్టింది. మళ్లీ బటను నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. కదులుతున్న బండికి తలుపు తెరుచుకోదు, అదీ భద్రత కోసమే. బస్సు పక్కనే పరుగెడుతూ అరచేతులతో అద్దాన్ని బాదాడు. బస్సు నడక వేగం దాటింది.

టీచరమ్మ రోడ్డు మధ్య నిలబడిపోయింది. ఎవరో వెనకే పరుగెత్తుకొచ్చి భుజం పట్టి పక్కకు లాగారు. కానిస్టేబులు.

ఆమె నిలబడిన చోటు మీదుగా డీజిల్ బస్సు పైకి వెళ్లింది. పొగబాబాయి తొందరపడలేదు. ఎదురొస్తున్న నీలం బస్సుకు సూటిగా, ముక్కుకు ముక్కు పెట్టి ఆపాడు. ఇంజను కట్టేశాడు. గేరులో వదిలాడు. రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టి, స్టీరింగును కావలించుకుని తల దించాడు.

ధడేల్‌మంది. డీజిల్ బస్సు ఒక్క జానెడు వెనక్కి వెళ్లి, మూలిగి, ఆగింది. నీలం బస్సు దాని ముక్కుకు ఆనుకుని ఆగింది. అద్దం ముక్కలు రోడ్డు మీద దొర్లుకుంటూ వేదిక దాకా పోయాయి.

అంతా ఒక్కసారే లేచారు.

"దాడి! డీజిల్ వాళ్ల దాడి!" అని ఎవరో అరిచారు. ఇన్‌స్పెక్టరు, ఇంకో నలుగురు పోలీసులు పొగబాబాయిని కిటికీలోంచే కిందికి లాగారు. "పొద్దున ఒకటి, ఇప్పుడు ఒకటి! ఈసారి మంత్రిగారి మీదికే!" అతని నుదురు చిట్లి రక్తం కారుతోంది. కానిస్టేబులు "సార్, అది కాదు సార్" అంటుంటే ఎవరూ వినలేదు.

నాన్న తలుపు తెరిచాడు. మంత్రిగారు దిగారు. ఆవిడ చీర కొంగు చిరిగింది, మోచేయి చెక్కుకుపోయింది, అంతే. వెనకున్న పెద్దమనుషుల్లో ఒకాయన చెప్పు వెతుక్కుంటున్నాడు.

పీయే ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. టీచరమ్మ ఆ పక్కనే ఉంది కాబట్టి ప్రతి మాటా వినపడింది. "దాడి అనే చెప్దాం మేడమ్. మనకే మంచిది. ఇక మంత్రివర్గంలో ఎవరూ కాదనలేరు. బస్సులో లోపం అని బయటికొస్తే మాత్రం పథకం ఇక్కడే ఆగిపోతుంది."

మంత్రిగారు మోచేయి తుడుచుకున్నారు. కాదనలేదు. మైకులు ఆవిడ మొహం ముందుకు వచ్చేశాయి.

టీచరమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. గ్లాసు తగిలింది. తను నోరు విప్పితే నాన్న పని అయిపోయినట్టే. విప్పకపోతే పొగబాబాయి పని అయిపోతుంది. ఆమె గ్లాసు బయటికి తీసింది.

నాన్న ఆ గ్లాసును చూశాడు. దాని సొట్టను చూశాడు. రెండు బస్సులనూ, నుదుటి రక్తం తుడుచుకుంటున్న స్నేహితుణ్నీ చూశాడు. ఆయన మొహంలో లెక్క ఒక్కొక్కటిగా కలవడం ఆమెకు కనిపించింది.

"ఎక్కడ దొరికిందమ్మా ఇది?"

"పొద్దున నువ్వు తిప్పిన బండిలో, నాన్నా. నువ్వు దిగాక పిన్ని తలుపు మూసింది. అదీ దొర్లింది. ఛార్జరును గుద్దింది."

"పిన్నికి?"

"ఏం కాలేదు. బకెట్ పోయింది."

ఆయన కళ్లు మూసి తెరిచాడు. తర్వాత నేరుగా మైకుల మధ్యకు నడిచాడు. ఎవరూ ఆపలేదు. యూనిఫాం వేసుకున్న ఇవాళ్టి డ్రైవరు కదా, మంత్రిగారిని పొగుడుతాడనుకున్నారు.

"ఆయన్ని వదలండి" అన్నాడు. "ఆయన నా బండిని గుద్దలేదు. నా బండే పోయి ఆయన బండికి ఆనుకుంది. నేను బ్రేకు వేయకుండా దిగాను. పొద్దున డిపోలో జరిగిందీ నా వల్లే. బస్సులో లోపం లేదు. బస్సు బంగారం. లోపం నా చేతిలో ఉంది."

"నాన్నొక్కడి చేతిలోనే కాదు మేడమ్" అంది టీచరమ్మ. "ఈయనకి పాస్ వేసింది నేను. ఈయన మా నాన్న. చదునైన నేల మీద పరీక్ష పెట్టి పాస్ వేశాను. మిగతా అందరికీ అలాగే వేశాను. వాలు మీద ఒక్కరితోనూ ఆపించి చూడలేదు. తేదీ జరిపాక వాలు పాఠం నేనే తీసేశాను."

"అందరికీ అంటే?" మంత్రిగారు మొదటిసారి ఆమె వైపు తిరిగారు. "ఈ బస్సులు తోలేవాళ్లందరికీనా?"

"అందరికీ."

పీయే ముందుకు రాబోయాడు. మంత్రిగారు చిరిగిన కొంగు చేత్తో పట్టుకుని అతణ్ని కళ్లతోనే ఆపారు. కింద మలుపులో కుర్చీలు, కుర్చీల్లో జనం. ఆవిడ చాలాసేపు అటే చూశారు. అంత దాకా బండి దొర్లితే ఏమయ్యేదో ఆ చూపులో ఉంది.

"ఆ పెద్దాయన్ని వదలండి" అన్నారు ఇన్‌స్పెక్టరుతో. ఆ తర్వాత మైకుల వైపు తిరిగి, "దాడి కాదు. మా తొందర" అని రెండు ముక్కల్లో చెప్పి కారు దగ్గరికి నడిచారు. రెండడుగులు వేసి ఆగి, కోపంగా, "ఈ బస్సులు నాకు రోడ్డు మీద కావాలి. ఎప్పటికి?" అని టీచరమ్మను అడిగారు.

"ఒక్కొక్కరూ వాలు మీద ఆపి, దిగి, తలుపు మూసి చూపించాక."

"నేను తేదీ అడిగాను."

"నేను చెప్పగలిగింది అదే మేడమ్."

మరునాడు పత్రికలన్నిటిలో ఒకటే ఫోటో. పాత బస్సూ కొత్త బస్సూ ముక్కుకు ముక్కు ఆనించి నిలబడినది. ఒక పత్రిక ముద్దు అంది, ఒకటి కుస్తీ అంది. మంత్రివర్గం ఊరంతా మార్చే సంగతి వాయిదా వేసింది. రద్దు మాత్రం చేయలేదు. టీచరమ్మకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అది జేబులో పెట్టుకునే ఆమె వాషింగ్ ర్యాంపు మీద సున్నంతో గీత గీసింది. ర్యాంపు కింద పాత టైర్లు గోడలా పేర్చారు. బజర్ల నోట్లో దూది పిన్నే దగ్గరుండి పీకించింది.

మొదట పొగబాబాయి ఎక్కాడు. నుదుటి మీద కట్టు. గీత దగ్గర ఆపాడు, తలుపు తీశాడు, మహారాజులా దిగాడు. బజరు గగ్గోలు పెట్టింది. అతను వినలేదు. పిన్ని తలుపు మూసింది. బస్సు తిన్నగా పోయి టైర్లను పొడిచింది.

"ఫెయిల్" అంది టీచరమ్మ.

"మొన్న ఇంతమంది ప్రాణాలు కాపాడానే!"

"దానికి దండం పెడతాను బాబాయ్. దీనికి మాత్రం ఫెయిల్. వరుస చివరికి పో."

మధ్యాహ్నం దాకా టైర్లు పొడవని బస్సు లేదు. ఒక్కో డ్రైవరూ నవ్వుతూ ఎక్కాడు, మొహం వేలాడేసుకుని వరుస చివరికి పోయాడు. పోను పోను నవ్వులు తగ్గాయి.

నాన్న లైసెన్సు మీద విచారణ నడుస్తోంది. రోడ్డు మీదికి వెళ్లకూడదు. డిపోలో తిప్పడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన వంతు వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద గ్లాసు లేదు. గీత దగ్గర మెత్తగా ఆపాడు. తలుపు తీశాడు. దిగాడు. బజరు అరుస్తున్నా ర్యాంపు మీద కూతురి వైపు నడవసాగాడు.

పిన్ని చేయి బటను మీద ఉంది. టీచరమ్మ కళ్లు దించుకుని పెన్ను తీసింది.

అడుగులు ఆగాయి.

ఆమె తలెత్తేసరికి నాన్న వెనక్కి తిరిగి ఉన్నాడు. ఆయన కుడిచేయి గాల్లో ఏదో మరిచిపోయినట్టు తడుముకుంటోంది. "ఆగు పిన్నీ" అన్నాడు. మళ్లీ మెట్లెక్కాడు. బజరు ఆగింది. లోపల్నించి హ్యాండ్‌బ్రేకు పడ్డ గాలి చప్పుడు, బుస్సుమని, డిపో అంతా వినిపించింది.

"ఇప్పుడు మూయి" అన్నాడు.